టీషర్టు బొమ్మలతో బతకాలంటే: గుంటూరు నుంచి వచ్చిన ప్రశ్నకి జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: గుంటూరులో ఉంటారు, ఐప్యాడ్‌లో ప్రొక్రియేట్ అనే డ్రాయింగ్ యాప్ మీద బొమ్మలు గీస్తారు. విజయవాడలో ఒక షాపులో పది నల్ల టీషర్టులు వేయిస్తే రంగులు చచ్చిపోయాయి, బొమ్మ చుట్టూ తెల్ల అంచు వచ్చింది, తెలుగు అక్షరాలు మూసుకుపోయాయి. ఉద్యోగం లేకుండా దీనిమీదే బతకొచ్చా, అందుకు సొంత బ్రాండు పెట్టాలా అని అడిగారు.

బతకొచ్చండీ. కానీ సొంత బ్రాండుతో మొదలుపెట్టకండి. ఎందుకో లెక్కలతో కింద చెబుతాను. ముందు ఆ పది చొక్కాలు ఎందుకు పాడయ్యాయో చూద్దాం, ఎందుకంటే ఫైలు సరిగ్గా ఇవ్వడం రాని ఆర్టిస్టుకి రెండో ఆర్డరు రాదు.

మీరు వేయించింది డిటిఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్, అంటే ముందు ఫిల్ము మీద అచ్చేసి తర్వాత చొక్కాకి అంటించే పద్ధతి) అయి ఉంటుంది. ఇప్పుడు చిన్న ఆర్డర్లు ఎక్కువగా అందులోనే అవుతున్నాయి. ప్లాస్టిక్ ఫిల్ము మీద ముందు రంగులు, వాటి మీద తెల్ల ఇంకు, ఆ తడి మీద జిగురు పొడి పడతాయి. పొడిని వేడికి కరిగించి, ఫిల్ముని చొక్కా మీద బోర్లించి 150 నుంచి 160 డిగ్రీల వేడిలో 10-15 సెకన్లు ప్రెస్సు చేస్తారు. కీలకం ఆ తెల్ల ఇంకులో ఉంది. పిక్సెల్‌లో రంగు పది శాతమే ఉన్నా యంత్రం దాని వెనక తెలుపు వేస్తుంది. ప్రొక్రియేట్‌లో మెత్తటి బ్రష్షుతో గీసిన గీత అంచులన్నీ సగం పారదర్శకంగా ఉంటాయి. తెర మీద అందంగా కరిగిపోయినట్టున్న ఆ అంచే నల్ల గుడ్డ మీద తెల్ల గీతై నిలబడుతుంది.

దీనికి రెండు పనులు చేయాలి. బొమ్మని మొదటినుంచీ గట్టి అంచున్న బ్రష్షుతోనే గీయండి. నీడలు, పొగ, మెరుపు లాంటివి కావాలంటే వాటిని హాఫ్‌టోన్ చుక్కలుగా, అంటే దూరం నుంచి నీడలా కనిపించే చిన్న నిండు చుక్కలుగా మార్చండి: ఫొటోషాప్‌లో గ్రేస్కేల్ చేసి, బిట్‌మ్యాప్‌లో హాఫ్‌టోన్ ఎంచుకుని అంగుళానికి 25-35 వరసలు పెడితే డిటిఎఫ్‌కి సరిపోతుంది. అంతకంటే సన్నటి చుక్కలైతే జిగురు పొడి చాలినంత పట్టక, నాలుగు ఉతుకుల్లో రాలిపోతాయి. రెండో పని షాపులో చేయించాలి. "తెలుపుని రెండు పిక్సెళ్లు లోపలికి చోక్ చేయండి" అని ఆపరేటరుకి చెప్పండి, అంటే తెలుపు అంచుని రంగు అంచు కంటే లోపలికి తగ్గించడం. ఆ మాట తెలియని షాపైతే ఇంకో షాపు చూసుకోండి.

రంగులు చావడానికి కారణం వేరు. ఐప్యాడ్ తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ఇంకుకి వెలుగు లేదు. చిలకపచ్చ నియాన్, ముదురు ఊదా, కరెంటు నీలం మామూలు నాలుగు రంగుల ఇంకుల్లో రావు. ఎంత పోట్లాడినా రావు. అందుకే ఏ షాపులో పని మొదలుపెట్టినా ముందు మీరు తరచూ వాడే 40 రంగుల గడులు ఒక ఎ4 సైజులో పెట్టి, ఫిల్ము తీయించి, ఒక నల్ల గుడ్డ ముక్క మీదా ఒక తెల్ల గుడ్డ ముక్క మీదా ప్రెస్సు చేయించుకోండి. ఒక్కో గడి పక్కన దాని రంగు కోడు ఉండాలి. ఆ రెండు ముక్కలూ గోడకి తగిలించుకుని, రంగు ఎంచుకునేటప్పుడు తెరని కాకుండా వాటిని చూడండి.

ఇంకొకటి, నల్ల చొక్కా మీద నలుపు అచ్చు వేయించకండి. బొమ్మలో నలుపున్న చోటల్లా ఫైలులో ఖాళీ వదిలితే గుడ్డే నలుపవుతుంది. ఇంకు తగ్గుతుంది, గాలి ఆడుతుంది, మే నెల బెజవాడ ఎండలో ఛాతీ మీద రేకు కట్టుకున్నట్టు ఉండదు. పెద్ద నిండు దీర్ఘచతురస్రం ఉన్న డిజైన్ ఎంత బాగున్నా జనం రెండోసారి వేసుకోరు.

కొలతల విషయం త్వరగా చెప్పేస్తాను. పెద్దవాళ్ల చొక్కా ముందు భాగానికి 11-12 అంగుళాల వెడల్పు, మెడ పట్టీ కింద దాదాపు 3 అంగుళాలు వదిలి మొదలు. జేబు దగ్గర చిన్న గుర్తుకి 3.5 అంగుళాలు. ఓవర్‌సైజు చొక్కా వీపుకి 14 దాకా వెళ్లొచ్చు. కాన్వాసు మొదట్లోనే 12×16 అంగుళాలు, 300 డిపిఐ (అంగుళానికి 300 చుక్కలు), అంటే 3600×4800 పిక్సెళ్లు పెట్టుకోండి. ప్రొక్రియేట్ బొమ్మని తర్వాత పెంచితే మసకబారుతుంది. బ్యాక్‌గ్రౌండ్ తీసేసి పిఎన్‌జిగా ఇవ్వండి. వాట్సాప్‌లో ఫొటోలా పంపితే అది జెపెగ్‌గా నలిగిపోయి తెల్ల బ్యాక్‌గ్రౌండుతో వెళ్తుంది, డాక్యుమెంటుగానే పంపాలి.

ఇక తెలుగు అక్షరాలు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మన ఊళ్లలో అచ్చయ్యే చొక్కాల్లో ఎక్కువ తప్పులు కనిపించేది ఇక్కడే. మన లిపి అంతా గుండ్రాలు, లోపల చిన్న చిన్న ఖాళీలు. ఇంకు గుడ్డ మీద కొంచెం పాకుతుంది. తలకట్టుకీ అక్షరానికీ మధ్య సందు, ష, ఘ లాంటి అక్షరాల లోపలి సందులు, వత్తు పై అక్షరాన్ని దాదాపు తాకే చోటు, ఇవన్నీ ముందు మూసుకుంటాయి. గీత మందం కనీసం 0.5 మిల్లీమీటరు, సందు దానికంటే ఎక్కువ, 0.7 దాకా ఉంచండి. ఫాంటు బోల్డుగా ఉంటే బాగా అచ్చవుతుందనుకుంటారు. తెలుగులో చాలాసార్లు అది తిరగబడుతుంది: గీత లావయ్యేకొద్దీ సందు తగ్గుతుంది. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, రెండు మీటర్ల దూరం నుంచి వేరే మనిషి చేత చదివించండి. రాసినవాళ్లకి ఎలాగూ చదవడానికి వచ్చేస్తుంది కాబట్టి మీ కన్ను ఇక్కడ పనికిరాదు.

ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కకి వస్తున్నాయంటే, టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషలకి ఉద్దేశించిన వరల్డ్ రెడీ లేఅవుట్ ఆన్ చేయాలి. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేరులో ఈ బాధ లేదు, అది ఉచితం కూడా. అక్షరాల మధ్య దూరాన్ని ఇంగ్లీషులో లాగినట్టు లాగకండి, కొన్ని ఫాంట్లలో వత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడతాయి. పై లైను వత్తులు కింది లైను గుడుల మీద పడకుండా లైన్ల మధ్య దూరం ఎక్కువ ఇవ్వండి. అంతా అయ్యాక అక్షరాలని అవుట్‌లైనుగా (ఫాంటు అక్కర్లేని బొమ్మ గీతలుగా) మార్చి, అప్పుడే షాపుకి పంపాలి. డిటిపి షాపుల్లో వాడే అను లిపి యూనికోడ్ (ఫోన్లలో, వెబ్‌లో అందరూ వాడే పద్ధతి) కాదు. వాళ్ల ఫైలు మీ దగ్గరా, మీ ఫైలు వాళ్ల దగ్గరా తెరిస్తే అక్షరాలు తారుమారవుతాయి.

ఫాంటు లైసెన్సు చూసుకోవడం మీ బాధ్యత. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి, గిడుగు, రవిప్రకాష్, బాలూ తమ్ముడు, అనెక్ తెలుగు లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చినవి, చొక్కాల మీద అచ్చేసి అమ్ముకోవచ్చు. మన ఊరి పేరుతోనే హింద్ గుంటూరు ఉంది. అయినా నా సలహా ఏమిటంటే, నాలుగు మాటల లోపు డిజైన్‌కి అక్షరాలు చేత్తోనే రాయండి. ఫాంటుతో చేసిన డిజైన్‌ని ఎవరైనా పది నిమిషాల్లో తిరిగి చేస్తారు. మీ చేతిరాతని చేయలేరు.

డిటిఎఫ్ ఎప్పుడు, స్క్రీన్ ప్రింటింగ్ ఎప్పుడు అన్నది లెక్క మీద ఆధారపడుతుంది. డిటిఎఫ్‌లో రంగులు ఎన్నైనా ఖర్చు ఒకటే, ఫిల్ము మీటర్ల లెక్కన వసూలు చేస్తారు. కాబట్టి దాదాపు 60 సెంటీమీటర్ల వెడల్పు రోల్లో చిన్న బొమ్మల్ని పెద్దవాటి సందుల్లో ఇరికించి ఒకే షీటుగా చేసిస్తే డబ్బు మిగులుతుంది. స్క్రీన్ ప్రింటింగ్ అంటే సన్నటి గుడ్డ బిగించిన ఫ్రేములోంచి ఇంకుని చొక్కా మీదికి నొక్కడం, అందులో ఒక్కో రంగుకి ఒక్కో ఫ్రేము. మూడు రంగుల డిజైన్ నల్ల గుడ్డ మీదంటే కింద తెలుపుతో కలిపి నాలుగు ఫ్రేములు. ఫ్రేముకి 400 రూపాయలనుకుంటే 1,600 మొదటే పోతుంది. 20 చొక్కాలకి అది ఒక్కోదాని మీద 80, 400 చొక్కాలకి 4 రూపాయలు. యాభై దాటి, రంగులు మూడు లోపుంటే స్క్రీనే మేలు. ఉతుకులకీ అదే ఎక్కువ ఆగుతుంది.

స్క్రీనుకి గీసేటప్పుడు ఒక్కో రంగు ఒక్కో లేయరులో, నిండు నలుపులో, నాలుగు మూలలా ప్లస్ గుర్తులతో ఇవ్వాలి. చేతి టేబుల్ మీద రంగు మీద రంగు సరిగ్గా కూర్చోదు, అర మిల్లీమీటరు అటూ ఇటూ జరుగుతుంది. అందుకని పక్కపక్క రంగులు అర మిల్లీమీటరు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా గీయండి, అడుగు తెలుపు మాత్రం అంతే లోపలికి తగ్గించండి. ఫ్రేము గుడ్డ విషయంలో, నిండు బొమ్మలకి సెంటీమీటరుకి 43 దారాలది, సన్నగీతలకి 61-77, హాఫ్‌టోన్‌కి 90 వాడమనండి. ప్లాస్టిసాల్ (స్క్రీన్ ప్రింటింగ్‌లో వాడే, వేడికి గట్టిపడే ఇంకు) మొత్తం మందంలో 160 డిగ్రీలు అందుకుంటేనే ఉడుకుతుంది. పైన ఆరినట్టే ఉండి లోపల పచ్చిగా ఉంటే మూడో ఉతుక్కి బీటలు పడుతుంది. చొక్కా చేతికందగానే అచ్చుని రెండు చేతులా లాగి చూడండి, పచ్చిదైతే అప్పుడే చిట్లుతుంది. వానాకాలంలో ఫ్రేముల ఎమల్షన్ (ఫ్రేము గుడ్డ మీద బొమ్మ పట్టించే పూత) ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది. తొందరపెడితే కడిగేటప్పుడు సన్నగీతలు కొట్టుకుపోతాయి. జులై నుంచి అక్టోబరు దాకా గడువు ఇచ్చేటప్పుడు రెండు రోజులు కలుపుకోండి.

గుడ్డకి 180 జిఎస్‌ఎం (చదరపు మీటరుకి 180 గ్రాములు), కోంబ్డ్ కాటన్ (పొట్టి పోగులు దువ్వి తీసేసింది), బయోవాష్ (నూగు పోయేలా ఎంజైముతో ఉతికింది) అడగండి. తిరుపూరు నుంచి వచ్చే సరుకులో ఈ రకం సులువుగా దొరుకుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో, వస్త్రలత మార్కెట్టు చుట్టుపక్కల హోల్‌సేలు కొట్లలో చవగ్గా దొరికే వాటిలో పాలిస్టరు కలిసినవి ఉంటాయి. ఒక పోగు తీసి కాల్చి చూడండి: కాటనైతే కాగితం వాసనతో బూడిద రాలుతుంది, పాలిస్టరు కరిగి గట్టి ముద్దవుతుంది. ఎర్ర పాలిస్టరు మీద తెలుపు వేస్తే ఆ వేడికి గుడ్డ రంగు ఎక్కి రెండు రోజుల్లో గులాబీ అవుతుంది. దసరాకి, భవానీ దీక్షల రోజుల్లో ఎర్ర చొక్కాలు కావాలంటారు కాబట్టి ఇది ముఖ్యం. అప్పుడు కాటనే తీసుకోండి, తప్పదంటే గుడ్డ రంగుని పైకి ఎక్కనివ్వని లో బ్లీడ్ ఇంకు అడగండి.

ఇప్పుడు డబ్బు. సొంత బ్రాండు ఎందుకొద్దన్నానంటే, నాలుగు డిజైన్లు, రెండు రంగులు, అయిదు సైజులంటే 40 రకాలు. రకానికి మూడేసి పెట్టినా 120 చొక్కాలు. ఒక్కోదానికి 250 పడితే 30,000 రూపాయలు బీరువాలో కూర్చుంటాయి. ఎం, ఎల్ అయిపోయి ఎస్, డబుల్ ఎక్స్ఎల్ మిగులుతాయి. ఆర్డరు వచ్చాకే అచ్చేసి పంపే తిరుపూరు క్విక్‌ఇంక్ లాంటి కంపెనీలతో సరుకు బాధ పోతుంది, కానీ లెక్క ఇలా ఉంటుంది. 599కి అమ్మారనుకోండి. 5 శాతం జిఎస్‌టి తీస్తే 570. చొక్కా, అచ్చు 330, కొరియరు 60, పేమెంటు ఖర్చులు 14 పోతే 166 మిగిలింది. వంద ఆర్డర్లలో 20 క్యాష్ ఆన్ డెలివరీవి వెనక్కి వచ్చాయనుకుంటే, 80 ఆర్డర్ల మీద వచ్చిన 13,280లోంచి రానుపోను కొరియరు 2,400, తిరిగొచ్చిన చొక్కాల ఖరీదు 6,600 తీసేయాలి. చేతికి 4,280. ఆర్డరుకి 43 రూపాయలు, ఇన్‌స్టా ప్రకటనల ఖర్చు ఇంకా వేయలేదు. మొదటినుంచీ ముందు డబ్బు కట్టినవాళ్లకే పంపండి. ఆర్డర్లు తగ్గుతాయి, మిగులు పెరుగుతుంది.

అందుకే మొదటి ఏడాది మీ తిండి డబ్బులు ఇతరుల ఆర్డర్లకి గీయడం నుంచి రావాలి. మన దగ్గర దానికి కొదవ లేదు. పదో తరగతి బ్యాచీల ఆత్మీయ సమ్మేళనాలు సంక్రాంతికీ వేసవికీ ఊరూరా జరుగుతాయి, 60 నుంచి 150 చొక్కాలు తీసుకుంటారు. వడ్డేశ్వరం, నంబూరు, అమరావతి వైపు ఇంజనీరింగు కాలేజీల్లో ఫెస్టులు, వినాయక చవితి కమిటీలు, చర్చి యువజన శిబిరాలు, క్రికెట్ టీములు ఉన్నాయి. సమ్మేళనాల వాళ్లు డిసెంబరు చివర్లో పరిగెత్తుకొస్తారు, మీరు నవంబరులోనే నమూనాలు చూపించాలి. బడి గేటు, వేపచెట్టు, గంట, బ్యాచి సంవత్సరం, ఆ బడికే చెందిన ఏదో ఒక్క గుర్తు గీస్తే చాలు, బేరం ఆడరు.

ధర ఎంత చెప్పాలంటే ఇలా కట్టండి. నెలకి 30,000 కావాలి. ఫోన్లు, తిరుగుడు, షాపులో నిలబడ్డం పోగా గీతకి మిగిలేది నెలకి 80 గంటలే. అంటే గంటకి 375. పది గంటల డిజైన్ 3,750. అందులో సగం బయానాగా ముందు, రెండుసార్లు మార్పులు ఉచితం, మూడోసారి నుంచి మార్పుకి ఇంత అని వాట్సాప్‌లో అయినా రాసి ఒప్పించుకోండి. అచ్చు కూడా మీరే చేయిస్తే చొక్కాకి 30-40 వేసుకోవడం న్యాయమే. చెడిపోయిన చొక్కాల నష్టం మీదే కదా, వందకి అయిదు అదనంగా తెప్పించాలి.

అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకుంటున్నది ఇదీ: బొమ్మని అమ్మకండి, అద్దెకివ్వండి. కాలేజీ ఫెస్టు కోసం గీసింది ఆ ఫెస్టుకి, ఆ సంవత్సరానికి, ఇన్ని చొక్కాలకి అని రాయండి. బట్టల కంపెనీ ఏదైనా మీ బొమ్మ అడిగితే చొక్కాకి ఇంత రాయల్టీ అనండి, అది ఎమ్మార్పీ మీదో హోల్‌సేలు ధర మీదో స్పష్టంగా ఉండాలి. కాపీరైట్ చట్టం 1957లోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కాలం రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం మొత్తానికనీ తీసుకుంటారు. 17వ సెక్షన్ కూడా చూడండి: డబ్బిచ్చి గీయించుకున్న పెయింటింగుకీ పోర్ట్రెయిటుకీ వేరే ఒప్పందం లేకపోతే గీయించుకున్నవాళ్లే తొలి హక్కుదారులు. "కాపీరైట్ ఆర్టిస్టుదే, పైన చెప్పిన వాడకానికి మాత్రమే అనుమతి" అన్న ఒక్క వాక్యం బిల్లు మీద ఉంటే ఈ చిక్కు రాదు.

చాలామంది ఆర్టిస్టులకి తెలియనిది అదే కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షన్. డిజైన్ల చట్టం 2000 కింద రిజిస్టరు చేయదగ్గ డిజైన్‌ని రిజిస్టరు చేయకుండా, వస్తువు మీద యంత్రంతో 50 సార్లకి మించి వేస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. విడిగా నిలబడే కళాకృతీ, వస్తువుని అలంకరించడానికే చేసిన డిజైనూ ఎలా వేరుచేయాలో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో వివరించింది. కాబట్టి మీ ముఖ్యమైన బొమ్మని ముందు విడి బొమ్మగా పూర్తిచేసి, లేయర్ల ఫైలు తేదీతో దాచి, పోస్టరుగానో ప్రింటుగానో కూడా అమ్మండి. చొక్కా కోసమే చేసిన, వరసగా తిరిగొచ్చే నమూనా అయితే ఇన్‌స్టాలో పెట్టకముందే డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఒకసారి బయటపెట్టాక అది కొత్తది కాదు.

హీరోల ముఖాలు, డైలాగులు మాత్రం ముట్టుకోకండి. అనిల్ కపూర్ కేసులో 2023లో, నాగార్జున కేసులో 2025లో ఢిల్లీ హైకోర్టు వాళ్ల పేరు, రూపం అనుమతి లేకుండా వాడకుండా ఉత్తర్వులిచ్చింది. పైగా అది అందరూ చేసే పనే. గుంటూరు అంటే మిరపకాయ, బెజవాడ అంటే ప్రకాశం బ్యారేజీ గీసినవాళ్లు వందమంది ఉన్నారు. బ్రాడీపేటలో ఇంటి అడ్రసు "4/14" అని చెబుతాం: నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆ రెండంకెలు చక్కగా రాసి చొక్కా మీద పెడితే బయటివాళ్లకి అర్థం కాదు, గుంటూరువాళ్లు ఎక్కడున్నా ఆగి చూస్తారు. అలాంటిది గీయండి.

పన్నుల మాట రెండు ముక్కల్లో. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు మాత్రమే అమ్మితే ఏడాదికి 40 లక్షల దాకా, గీసిచ్చే సేవ ఉంటే 20 లక్షల దాకా జిఎస్‌టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ చొక్కాలు హైదరాబాదుకో చెన్నైకో, అంటే వేరే రాష్ట్రానికి అమ్మితే మొదటి రూపాయి నుంచే తప్పనిసరి. బొమ్మ గీసిచ్చే సేవకి ఆ నిబంధన లేదు. సొంత అమ్మకాల కంటే ముందు గీతతో మొదలుపెట్టమనడానికి ఇదీ ఒక కారణం. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 లోపు చొక్కాకి జిఎస్‌టి 5 శాతం. రాయల్టీ మీద కంపెనీ 10 శాతం టిడిఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తే, రిటర్ను వేసి మీకు రావలసింది తెచ్చుకోండి. అమెరికా సైట్లలో పెడితే డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారం నింపాలి, లేకపోతే అక్కడి అమ్మకాల రాయల్టీలో 30 శాతం పట్టుకుంటారు. రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం మనకి 15 శాతమే.

పాడైన ఆ పది చొక్కాలు పారేయకండి. నాలుగు మిషన్లో, నాలుగు చేత్తో, తిరగేసి పదిసార్లు ఉతికించండి. రెండు ఉతక్కుండా పోల్చడానికి ఉంచండి. అంచులు లేస్తే ప్రెస్సు ఒత్తిడి చాలలేదు, లేదా గుడ్డలో తేమ ఉంది: బొమ్మ పెట్టే ముందు అయిదు సెకన్లు ఉత్త చొక్కాని ప్రెస్సు చేయమనండి. నడుమ బీటలు పడితే పొడి సరిగ్గా ఉడకలేదు, లేదా తెలుపు ఎక్కువైంది. చుక్కలు రాలితే తప్పు మీ ఫైలుది. ఏది జరిగిందో రాసుకుని, ఆ చొక్కాలే పట్టుకెళ్లి షాపు ఆపరేటరుతో కూర్చోండి.